ఈ నెల మాట: పులితేపు



ఈ పేజీలో నెలకొక తెలుగు మాట పట్టుకుని నాకు తెలిసినంత రాస్తున్నాను. పోయిన నెల "చద్దన్నం" గురించి రాస్తే ముగ్గురు అవ్వలు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు, ఉల్లిపాయ సంగతి ఎలా మరిచిపోయావని. నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. ఈ నెల మాట కూడా వంటింటి గడప దగ్గరే దొరికింది. పులితేపు.

మా అవ్వ ఈ మాట రోజుకు రెండుసార్లయినా అనేది. టోంగాట్‌లో మా పాత ఇంటి వెనక మెట్టు మీద కూర్చుని, గుండెల మీద అరచెయ్యి పెట్టి రాసుకుంటూ, "పులితేపులొస్తన్నాయిరా అయ్యా, కాసిని నీళ్ళట్రా" అనేది. అప్పుడు నాకు ఏడేళ్ళు. గుడి క్లాసులో ఇచ్చిన బొమ్మల పుస్తకంలో పులి ఉంది, చారలతో, కోరలతో. అవ్వ కడుపులో పులి ఉందనీ, అదే తేన్చుతోందనీ నేను నిజంగా నమ్మాను. కొన్నాళ్ళు ఆమె పక్కన పడుకోవడానికి కూడా భయపడ్డాను. తర్వాత గుడి మాస్టారు బోర్డు మీద "పులిత్రేన్పు" అని పుస్తకంలో ఉండే రూపం రాసి, పులుపులో ఉన్న పులి వేరు, అడవిలో ఉన్న పులి వేరు అని చెప్పారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, నాది కాదన్నట్టు.

ఇప్పుడు నాకు 56 ఏళ్ళు. ఈ పులి సంగతి రాయాలా వద్దా అని రెండు సంచికలుగా ఆలోచిస్తున్నాను. మా ఆవిడ మొదట వద్దంది. తర్వాత ఆమే రాయమంది. ఎందుకు మనసు మార్చుకుందో కిందకి వస్తే మీకే తెలుస్తుంది.

నాకు ముప్పై ఐదో ఏట నుంచి గుండెల్లో మంట. టీచర్లకు ఇది మామూలే అనుకున్నాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ, ఇంటర్వెల్‌లో సమోసా, మధ్యాహ్నం స్కూలు గేటు బయట బన్నీ చౌ, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం, పచ్చడి, పదింటికి పడక. నా డెస్కు డ్రాయర్‌లో చాక్‌పీసుల పక్కనే ఈనో పొట్లాలు ఉండేవి. పిల్లలకు కూడా తెలుసు, సార్ గ్లాసులో బుసబుసమంటే ఇంకో ఐదు నిమిషాలు లెక్కలు అడగకూడదని.

నలభై ఎనిమిదో ఏట ఆ మంట దానంతట అదే తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, వారంలో ఐదు రోజులు వచ్చేది నెలకు రెండుసార్లు కూడా రావడం మానేసింది. అప్పట్లో నేను రోజూ జీలకర్ర నీళ్ళు తాగుతున్నాను. కాబట్టి గొప్పంతా జీలకర్రకే ఇచ్చాను. రామ భజనలో, పెళ్ళిళ్ళలో, స్టాఫ్ రూములో కనీసం పాతికమందికి ఈ సలహా చెప్పి ఉంటాను. ఆ పాతికమందిలో మీరు ఒకరైతే ఈ పేజీ ముఖ్యంగా మీకోసమే, దయచేసి చివరిదాకా చదవండి.

2019లో ఒక పెళ్ళి భోజనంలో వడ ముక్క గొంతు కింద ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. రెండు నిమిషాలే, కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తాగితే నీళ్ళు కూడా ఆగిపోయాయి. తర్వాత మెల్లగా దిగింది. ఎవరూ గమనించలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. రెండు వారాల తర్వాత రోటీతో మళ్ళీ అదే జరిగింది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు మాటలు విని ఎండోస్కోపీకి ఉత్తరం రాశాడు.

ఎండోస్కోపీ అంటే భయపడేవాళ్ళకు ఒక మాట. రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్ళాలి. చేతికి సూది పెట్టి మత్తు ఇస్తారు, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి చిన్నవేలంత లావున్న గొట్టం లోపలికి పంపుతారు. నాకు గుర్తున్నది అంతవరకే. లేచేసరికి అంతా అయిపోయింది. నర్సు జులూ ఆవిడ, నా చార్టు చూసి, "ఓ, ఇసిలుంగులెలా" అంది. గుండెల్లో మంటకు జులూలో అదే మాట. మా అవ్వ మాటలాగే అందులోనూ నాలుక రెండుసార్లు తిరుగుతుంది. ఆ రోజు కారు మీరు నడపకూడదు, ఎవరైనా తోడు ఉండాలి. అదొక్కటే అసలు ఇబ్బంది.

నాకు చెప్పిన పేరు బ్యారెట్స్ ఈసోఫేగస్. ఈసోఫేగస్ అంటే అన్నవాహిక, గొంతు నుంచి కడుపుకి అన్నం దిగే గొట్టం. పెద్దవాళ్ళలో సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. దాని లోపలి పొర మన నోటి లోపలి పొర లాంటిదే, లేత రంగులో నున్నగా ఉంటుంది. కింద, కడుపు మొదట్లో, ఒక కండరం మూతలా పనిచేస్తుంది. ఆ మూత వదులైతే కడుపులోని ఆమ్లం, ఒక్కోసారి పిత్తరసం కూడా, పైకి వస్తాయి. ఏళ్ళ తరబడి ఇలా కాలితే కొంతమందిలో ఆ పొర తన తీరు మార్చుకుంటుంది. నోటి పొరలా ఉండేది పేగు పొరలా తయారవుతుంది. డాక్టరు ఫొటో చూపించాడు. పైన లేత గులాబీ, కింద సాల్మన్ చేప రంగులో ఎర్రగా నాలుకల్లాగా పాకిన మచ్చలు. నేను పుట్టిన దగ్గర్నుంచీ శాకాహారిని. నా లోపల చేప రంగు కనబడటం నాకు నచ్చలేదు.

ఆ పేరు గల బ్యారెట్ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1903లో పుట్టి లండన్‌లో పనిచేసిన సర్జను. 1950లో దీని గురించి రాసినప్పుడు, ఈ ఎర్రటి భాగం అన్నవాహిక కాదు, ఛాతీలోకి లాగబడిన కడుపు భాగం అని ఆయన వాదించాడు. అది తప్పని తర్వాత ఇతరులు చూపించారు. 1957కల్లా ఆయన కూడా ఒప్పుకుని అన్నవాహికే అని రాశాడు. పేరు మాత్రం ఆయనదే మిగిలింది. నా క్లాసులో పిల్లలకు ఈ కథ చెబుతుంటాను, తప్పు దిద్దుకుంటే సున్నా మార్కులు రావని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా మంట ఎందుకు తగ్గిందో డాక్టరు చెప్పినప్పుడు నాకు చెమటలు పట్టాయి. కొత్తగా వచ్చిన పొర ఆమ్లానికి అలవాటుపడినది. పాత పొరకు తెలిసినంత మంట దానికి తెలియదు. అంటే ఆమ్లం రావడం ఆగలేదు, నాకు తెలియడం ఆగింది. జీలకర్ర నీళ్ళకు నేను ఇచ్చిన గొప్పంతా వెనక్కి తీసుకుంటున్నాను. మంట తగ్గిన ప్రతివాళ్ళకూ ఇదే జరిగిందని కాదు. చాలామందికి నిజంగానే తగ్గుతుంది. కానీ ఏళ్ళపాటు ఉన్న మంట కారణం లేకుండా మాయమైతే, దాన్ని బహుమతిగా తీసుకోకుండా ఒకసారి డాక్టరుకు చెప్పండి.

తర్వాత ఆయన క్యాన్సర్ అనే మాట వాడాడు. "ఇది క్యాన్సర్ కాదు. కానీ ఇది ఉన్నవాళ్ళకు లేనివాళ్ళకంటే ఆ అపాయం ఎక్కువ" అన్నాడు. రెండు వాక్యాలు. నా చెవిలో రెండోదే పడింది.

నేను లెక్కల టీచర్ని. ఆ రాత్రి రెండింటికి వంటింట్లో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. నాలాగా కణాల్లో ఇంకా చెడ్డ మార్పు రాని బ్యారెట్స్ ఉన్నవాళ్ళు వెయ్యిమంది ఉంటే, ఒక సంవత్సరంలో వాళ్ళలో సుమారు ముగ్గురికి క్యాన్సర్ వస్తుందని చాలా లెక్కలు చెబుతాయి. 2011లో డెన్మార్క్ నుంచి పదకొండువేలమంది రోగుల లెక్క ఒకటి వచ్చింది. అందులో వెయ్యికి ఒకరికి కాస్త ఎక్కువ మాత్రమే. సరే, ముగ్గురే అనుకుందాం. ముప్పై ఏళ్ళు బతికితే? మూడును ముప్పైతో గుణించి వెయ్యికి తొంభై అనేస్తారు తొందరపడే పిల్లలు. సరైన పద్ధతి, ప్రతి ఏడాదీ తప్పించుకునే అవకాశం 0.997, దాన్ని ముప్పైసార్లు గుణించాలి. సుమారు 0.914 వస్తుంది. అంటే వందలో తొంభై ఒక్కమందికి పైగా ముప్పై ఏళ్ళకు కూడా తప్పించుకుంటారు. డెన్మార్క్ లెక్కతో అయితే వందలో తొంభై ఆరుమంది. బ్యారెట్స్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది వేరే కారణాలతోనే పోతారు, ముఖ్యంగా గుండెజబ్బుతో. మన ఇళ్ళలో షుగరు, గుండెపోటు ఎంత ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

లెక్క మూడుసార్లు సరిచూసుకున్నాను. ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది. నిద్ర మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదంటే, నాయన. మా నాయన పోయింది 1994లో, 58వ ఏట. చక్కెర మిల్లులో పని, రోజుకు ఇరవై సిగరెట్లు. ఆ ఏడాది మొదట్లో అన్నం మింగుడు పడటం లేదన్నాడు. తర్వాత రొట్టె, తర్వాత మెత్తటి మీలీ మీల్ గంజి కూడా. ఏప్రిల్ 27న అందరితో కలిసి మొదటిసారి ఓటు వెయ్యడానికి లైనులో నిలబడ్డాడు, పల్చటి గంజి ఫ్లాస్కులో పోసుకుని. లైను పొడుగ్గా ఉంది. ఎవరో ముందుకు పంపుతామన్నా వెళ్ళలేదు. ప్యాంటు బెల్టుకు కొత్తగా రెండు కన్నాలు పొడిచాడు, అవి నేను లెక్కపెట్టాను. జూలైలో పోయాడు. ఇంట్లో ఎవరూ ఆ జబ్బు పేరు పలకలేదు. "ఆ జబ్బు" అనేవారు, అంతే. గొంతు క్యాన్సరని బంధువులు గుసగుసగా చెప్పుకున్నారు. గొంతు కాదు, అన్నవాహిక అని నాకు ఇరవై ఐదేళ్ళ తర్వాత తెలిసింది.

నా డాక్టరు నాయన లక్షణాలు, సిగరెట్లు అన్నీ అడిగి, అది వేరే రకం అయివుండే అవకాశమే ఎక్కువ అన్నాడు. అన్నవాహికలో రెండు రకాల క్యాన్సర్లు వస్తాయి. పాత పొరలో వచ్చేది ఒకటి. అది పొగాకు, మద్యంతో ముడిపడినది, ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నది, ఈస్టర్న్ కేప్ వైపు మరీ ఎక్కువ. బ్యారెట్స్‌లోంచి వచ్చేది రెండోది. అయినా రాత్రి రెండింటికి రకాలు ఎవరు చూస్తారు? నాయన పోయిన వయసుకు నాకు ఇంకా రెండేళ్ళే ఉంది. ఈ లెక్కకు కాగితం కూడా అక్కర్లేదు.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను. నాలుగు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కడుపులో పుండు అని చెప్పి మాత్రలు మింగాను. అమ్మాయి పెళ్ళి మాటలు జరుగుతున్నాయి, ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని ఒక కారణం. నాయన సంగతి గుర్తు చెయ్యడం ఇష్టం లేక ఇంకో కారణం. చివరికి మెడికల్ ఎయిడ్ వాళ్ళ ఉత్తరం మా ఆవిడ చేతిలో పడింది, పరీక్ష డబ్బు కట్టము అని రాసిన ఉత్తరం. తర్వాత మూడు ఉత్తరాలు రాశాక కట్టారు, అది వేరే కథ. మా ఇంట్లో పోట్లాట ఇంగ్లీషులోనే జరుగుతుంది, మా తరంలో చాలా ఇళ్ళలాగే. ఆ రోజు మాత్రం ఆమె ఇంగ్లీషులో ఏమీ అనలేదు. "నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారు?" అంది తెలుగులో. ఆమె కూడా గుడి క్లాసులోనే నేర్చుకుంది. మా ఇద్దరికీ వచ్చిన తెలుగంతా కలిపినా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

2022లో రెండో పరీక్ష బాగానే వచ్చింది. ఈ మచ్చ ఎంత దూరం పాకిందో కొలిచి రాస్తారు. నాది చుట్టూ 2 సెంటీమీటర్లు, నాలుకలతో కలిపి 4. మూడు సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే మూడేళ్ళకొకసారి, అంతకంటే తక్కువైతే ఐదేళ్ళకొకసారి చూస్తారు. చూడటమంటే ఊరికే చూడటం కాదు. ప్రతి రెండు సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచీ చిన్న చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. గడియారంలో 12, 3, 6, 9 దగ్గర గుర్తు పెట్టినట్టు.

ఈ ఏడాది మార్చిలో మూడోది. పది రోజులకు డాక్టరు స్వయంగా ఫోన్ చేశాడు. స్వయంగా ఫోన్ చేస్తే మంచి వార్త కాదని నేను టీచరుగా తల్లిదండ్రులకు ఫోన్లు చేసి చేసి నేర్చుకున్నాను. ఒక ముక్కలో లో గ్రేడ్ డిస్ప్లేషియా అని వచ్చిందట.

డిస్ప్లేషియా అంటే ఏమిటో పాఠంలా చెప్పనివ్వండి. ఒక కాపీ పుస్తకం అనుకోండి. మామూలు పొర అంటే ఇంగ్లీషులో నీట్‌గా రాసిన పేజీ. బ్యారెట్స్ అంటే అదే పేజీలో హఠాత్తుగా తెలుగులో రాయడం. లిపి మారింది, కానీ అక్షరాలు గుండ్రంగా వరుసలోనే ఉన్నాయి. లో గ్రేడ్ అంటే అక్షరాలు కొంచెం వంకర పోయాయి. హై గ్రేడ్ అంటే పేజీ అంతా పిచ్చిగీతలు, కానీ ఇంకా మార్జిన్ లోపలే ఉన్నాయి. మార్జిన్ గీత దాటి పక్క పేజీలోకి పోతే అది క్యాన్సర్. మార్జిన్ దాటకముందే పట్టుకోవడానికే ఈ పరీక్షలన్నీ. పట్టుకుంటే ఆ గొట్టంలోంచే చెడ్డ భాగాన్ని కోసి తీస్తారు, లేదా రేడియో తరంగాల వేడితో ఆ పొరను కాల్చేస్తారు. ఒకప్పుడు హై గ్రేడ్ వస్తే అన్నవాహికనే తీసేసేవారు. ఇప్పుడు చాలావరకు ఆ అవసరం లేదు.

అయితే వంకర అక్షరాలు చూసేటప్పుడు టీచర్లందరూ ఒకేలా మార్కులు వెయ్యరు కదా. మంట వల్ల వాచిన కణాలు కూడా వంకరగానే కనబడతాయి. అందుకే లో గ్రేడ్ అని వస్తే, అన్నవాహిక, పేగుల ముక్కలు చూడటంలో అనుభవం ఉన్న రెండో పాథాలజిస్టు చూసి ఒప్పుకోవాలని నియమం. మీకెవరికైనా ఇలా వస్తే "రెండో ఆయన చూశారా?" అని తప్పకుండా అడగండి. నాకు అడగక్కర్లేకుండానే డాక్టరు పంపించాడు. మూడు వారాలు పడుతుందన్నాడు.

ఆ మూడు వారాల్లో ఉగాది వచ్చింది. పచ్చడి చెంచాడు నోట్లో వేసుకున్నాను, చేదు, పులుపు, అన్నీ. ఈసారి మింగేటప్పుడు ప్రతి అంగుళం తెలిసింది. క్లాసులో భాగాహారం చెబుతూ మధ్యలో ఆగిపోయాను రెండుసార్లు. పిల్లలు ఏమీ అనలేదు. వాళ్ళకు అన్నీ తెలుస్తాయి. గుడిలో గోవిందనామాలకు గొంతు కలపబోతే అదే గొంతు మీద అనుమానం. రోజుకు పదిసార్లు ఉమ్మి మింగి చూసుకునేవాణ్ణి, ఆగుతుందా అని. మీలో ఎవరైనా రిపోర్టు కోసం ఎదురుచూసి ఉంటే మీకు తెలుసు. ఆ రోజుల్లో ధైర్యం చెప్పేవాళ్ళకంటే, పక్కన కూర్చుని టీవీ చూసేవాళ్ళే మేలు. మా ఆవిడ క్రికెట్ అంటే గిట్టనిది, నాతో మూడు మ్యాచ్‌లు చూసింది.

రెండో పాథాలజిస్టు తేల్చి చెప్పలేదు. వాపు ఎక్కువగా ఉంది, అది నిజమైన మార్పో వాపు వల్ల వచ్చిన వంకరో ఇప్పుడే అనలేం, మాత్ర రోజుకు రెండుసార్లు వేసి, వాపు తగ్గించి, ఆరు నెలలకు మళ్ళీ ముక్కలు తీయండి అన్నాడు. ఆ ఆరు నెలలు వచ్చే నెలతో నిండుతాయి. కాబట్టి ఈ పేజీ రాస్తున్నవాడికి కూడా ఇంకా జవాబు తెలియదు. జవాబు వచ్చాక రాద్దామని మొదట అనుకున్నాను. "జవాబు మంచిదైతే మీరు రాయరు, హాయిగా మరిచిపోతారు. చెడ్డదైతే రాయలేరు. ఇప్పుడే రాయండి" అంది మా ఆవిడ. నా గురించి ఆమెకు నాకంటే ఎక్కువ తెలుసు.

మాత్ర సంగతి. ఓమెప్రజోల్ లాంటివి చాలామంది అన్నం తిన్నాక, మంట వచ్చాక వేసుకుంటారు. నేనూ అలాగే వేసుకున్నాను ఏడాదిపాటు. అది పనిచేసేది ఖాళీ కడుపుతో, తినడానికి అరగంట ముందు వేసుకుంటే. తినడం మొదలుపెట్టగానే కడుపులో ఆమ్లం తయారుచేసే పంపులు పని మొదలుపెడతాయి, అప్పటికే మందు రక్తంలో ఉండాలి. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడు పళ్ళు తోముకునే బ్రష్షు పక్కనే మాత్రల డబ్బా పెట్టుకున్నాను.

మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టాను, పదిహేను సెంటీమీటర్ల ఎత్తు. మొదటి వారం ఇద్దరం తెల్లారేసరికి కాళ్ళవైపు జారిపోయేవాళ్ళం. మా ఆవిడ ఇప్పుడు పక్క గదిలో పడుకుంటానంటోంది, గురక వంక పెట్టి. దిండ్లు ఎత్తు పెట్టుకుంటే చాలదు, నడుం దగ్గర వంగి పొట్ట నొక్కుకుపోతుంది. ఎడమ పక్కకు పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది, కడుపు ఆకారం వల్ల. బరువు తొమ్మిది కిలోలు తగ్గాను. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదే అనిపిస్తోంది. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వే మూతను కిందనుంచి నెట్టేది. మసాలా పూర్తిగా మానేయాలా అని అందరూ అడుగుతారు. ఏది తింటే మీకు మంట వస్తుందో అది మానండి. నాకు మిరపకాయ కంటే రాత్రి పూట తిన్న వేపుడే ఎక్కువ పని చెప్పేది. పచ్చడి ఇంకా తింటున్నాను, మధ్యాహ్నం, చెంచాడు.

ఇక్కడ భజన కమిటీలవారికి ఒక విన్నపం, కోపం తెచ్చుకోకండి. పురటాసి శనివారాలు మళ్ళీ వస్తున్నాయి. పగలంతా ఉపవాసం ఉండి, భజన పదిన్నరకు ముగిశాక పులిహోర, వడ, పాయసం పెడితే, పదకొండున్నరకు ఇంటికి పోయి పడుకునేవాడి గతి ఏమిటి? పడుకోవడానికి మూడు గంటల ముందు తినడం అయిపోవాలి. ఆరున్నరకు ప్రసాదం పెట్టి తర్వాత భజన మొదలుపెడితే స్వామికి ఏమీ లోటు రాదు. మా అవ్వ పులితేపులు కూడా ఎక్కువ శనివారం రాత్రులే.

గుండెల్లో మంట ఉన్నవాళ్ళందరూ పరిగెత్తక్కర్లేదు. చాలామందికి బ్యారెట్స్ ఉండదు. కానీ ఐదేళ్ళకు పైగా మంట ఉండి, మగవాళ్ళై, యాభై దాటి, పొట్ట ఉండి, సిగరెట్ తాగుతూ, లేదా అమ్మా నాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఇది ఉంటే, వీటిలో రెండు మూడు మీకు వర్తిస్తే, ఒకసారి గొట్టంతో చూడమని అడగండి. ఆడవాళ్ళకు రాదని కాదు, తక్కువ. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం కక్కడం, తారులా నల్లటి విరేచనం, ఇవి ఉంటే అడగడం కాదు, వెంటనే వెళ్ళాలి. మెడికల్ ఎయిడ్ లేనివాళ్ళు దగ్గరలోని క్లినిక్‌లో మొదలుపెట్టండి. మంట ఎప్పటినుంచి, ఏ మాత్రలు, మింగడం ఎలా ఉంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. క్యూలో నాలుగు గంటలు నిలబడ్డాక మనిషి అన్నీ మరిచిపోతాడు.

పైన రాసిన ఆ వరుసంతా మా అన్నయ్యకు సరిపోతుంది. అరవై ఏళ్ళు, సిగరెట్, పొట్ట, ఇరవై ఏళ్ళ మంట, తమ్ముడికి బ్యారెట్స్. నాలుగేళ్ళుగా అడుగుతున్నాను. "నాకిప్పుడు మంటే లేదురా తమ్ముడూ" అంటాడు. నాకు ఆ మాట వింటే మంట ఉందన్నదానికంటే ఎక్కువ భయం. అసలు కారణం నాయనే అని నాకు తెలుసు. ఫ్లాస్కు మోసింది అన్నయ్యే. పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఈ పేజీ చిత్తుప్రతి చదివి వినిపించాను, ఓటు లైను దగ్గరదాకా. అక్కడ ఆపమన్నాడు. బయటికి వెళ్ళి ఒక సిగరెట్ తాగి వచ్చి, "పేరు వెయ్యకు, మిగతాది రాసుకో. ఎప్పుడు వెళ్ళాలో చెప్పు" అన్నాడు.

వచ్చే నెల మాట "దిష్టి". దాని గురించి మీ ఇళ్ళలో ఏమేం చేస్తారో రాసి పంపండి, ఉప్పా, మిరపకాయలా, కర్పూరమా.

అన్నయ్యా, పత్రిక నీ చేతికి శనివారం వస్తుంది. మంగళవారం పొద్దున ఆరింటికి కారు తీసుకొస్తాను. సోమవారం రాత్రి నుంచి ఏమీ తినొద్దు. టీ కూడా.